నూట పద్నాలుగు మన్ను ముద్దలు

బయమ్మ అక్షరాలు నేర్చుకున్నది తనకల్లు బస్టాండులో, బస్సుల నుదుటి మీద రాసి ఉండే ఊళ్ళ పేర్లు చూసి. ఆమెకు పదేళ్ళప్పుడు అక్క నాగలక్ష్మమ్మ కాఫీ తోటల్లో కూలికని ఒక బస్సు ఎక్కింది. బస్సుకు బోర్డు ఉంది, బోర్డు మీద రాత ఉంది, ఇంట్లో చదివేవాళ్ళు లేరు. అక్కను ఏ ఊరి బస్సు తీసుకుపోయిందో చివరికి ఎవరూ చెప్పలేకపోయారు. అక్క మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి బయమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మడానికి బస్టాండుకు పోయినప్పుడల్లా కండక్టర్లను అడిగి ఒక్కో అక్షరం పట్టుకుంది. మదనపల్లి బస్సు దగ్గర 'మ' దొరికింది. కదిరి బస్సు దగ్గర 'క' దొరికింది. ఒత్తులు తెలిసేసరికి పెళ్ళయింది.

కొడుకు పుట్టాడు, మొగుడు పోయాడు, జుట్టు నెరిసింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. పొట్లం కట్టిన కాగితం, మాత్రల అట్ట, పెళ్ళిపత్రిక, ఏది చేతికొచ్చినా మొదటి అక్షరం నుంచి అడుగున అచ్చువేసిన ప్రెస్సు పేరు దాకా చదివేది. దానితోపాటే ఇంకో అలవాటూ మిగిలింది. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా ఏ బస్సుకు పోతున్నారో, ఎప్పుడొస్తారో రెండుసార్లు అడిగేది. కోడలు ప్రసూన కొత్తలో విసుక్కునేది. తర్వాత్తర్వాత అత్త అడగకముందే చెప్పి పోయేది.

అందుకే ఆ సెప్టెంబరులో కోడలి మంచం కింద నీలం సంచి కనబడినప్పుడు బయమ్మ ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయింది. సంచిలోకి రోజుకొక చీర చేరుతోంది. పుట్టింటి వైపు పోయే ఎనిమిది గంటల అనంతపురం బస్సు కండక్టరుతో ప్రసూన, ఒకరోజు సామాను ఉంటుంది, ఇంటి ముందరే ఆపమని చెప్పి పెట్టింది కూడా. ఆ కండక్టరు మంచివాడు. అప్పటి నుంచి ప్రతి ఉదయం వాళ్ళ వాకిలి ముందు బస్సును కాస్త నెమ్మది చేయించి, లోపలికి చూసి పోయేవాడు. బస్సు నెమ్మదించినప్పుడల్లా బయమ్మ చేతిలో పనిని వదిలేసి గుంజను పట్టుకునేది.

ఇదంతా కాసులదండతో వచ్చింది.

ఆ దండ బయమ్మకు ఆమె అత్త వేసింది. మూడేళ్ళ కిందట పెళ్ళిలో బయమ్మ దాన్ని తన మెడలోంచి తీసి ప్రసూన మెడలో వేసింది. ఆ మరుసటి సంవత్సరం కొడుకు రాఘవేంద్ర పాత ఇంటికి కొత్త కప్పు వేయడానికి బ్యాంకులో లోను తీసుకున్నప్పుడు, దాంతోపాటు ఇంటికీ ఇంట్లోని నగలకూ కలిపి ఒక బీమా పాలసీ చేయించారు. కదిరిలో నగలు చేసే ఆచారి దండను తూచి, కాసులు లెక్కపెట్టి, బరువూ విలువా రాసి సంతకం పెట్టాడు. ఫోటోలు తీశారు. ఇంట్లో ఉన్నా, ఒంటి మీద ఉన్నా దొంగతనం జరిగితే కంపెనీ నష్టం ఇస్తుందని చెప్పారు. అందరూ విని మరిచిపోయారు.

ఏప్రిల్‌లో గంగమ్మ జాతర. మంగళవారం పొద్దున ప్రసూన ఆ దండ వేసుకుని అమ్మవారికి బోనం పెట్టి వచ్చింది. ఇంటి నిండా చుట్టాలు, కాలు పెట్టడానికి చోటు లేదు. బీరువా తాళంచెవి రాఘవేంద్ర జేబులో ఎక్కడికో పోయింది. వంట పొయ్యి దగ్గర కూర్చోవాలని ఆమె దండ తీసి, గుడ్డలో చుట్టి, వెనక గదిలో గూట్లో బియ్యపు తపేలా చాటున పెట్టింది. మధ్యాహ్నం భోజనాల బంతులు లేచాక చూస్తే గుడ్డ ఉంది, దండ లేదు. దీపాలు పెట్టేలోగా ఇంట్లో ప్రతి మూటా విప్పి దులిపారు.

రాఘవేంద్ర పోలీస్ స్టేషనుకు బయలుదేరాడు. వాకిట్లో ఎర్రన్న అడ్డం వచ్చాడు. ఎర్రన్నకు చౌక దుకాణం ఉంది, పైగా ఊరి పెద్ద. జాతరనాడు పోలీసులు ఊళ్ళోకొస్తే పుట్టింటికొచ్చిన ఆడపిల్లల మూటలన్నీ నడివీధిలో విప్పిస్తారనీ, ఎవరింటి అల్లుడో అలిగి పోతాడనీ, ఊరి పేరు పాడవుతుందనీ చెప్పాడు. పాత పద్ధతి ఒకటుంది కదా, అది చేద్దామన్నాడు.

ఆ పద్ధతి ఇది. ఊళ్ళో విలువైన వస్తువు పోతే, ఇంటికొక మన్ను ముద్ద తేవాలి. టెంకాయంత ముద్ద, తడిపి పిసికింది. గుడి వెనక చీకటి గదిలోకి ఒక్కొక్కరే పోయి పెట్టి రావాలి. తీసినవాళ్ళు ఆ ఊరివాళ్ళే అయితే వస్తువును ముద్దలో దాచి పెడతారు. మూడో రోజు అందరి ముందర ముద్దలు పగలగొడతారు. ఎవరి ముద్దలో ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు.

"మూడు దినాలు ఓపిక పట్టు బయమ్మా," అన్నాడు ఎర్రన్న. "వస్తువూ దక్కుతాది, మనిషీ దక్కుతాడు."

రాఘవేంద్రకు ఇష్టం లేదు. కానీ బయమ్మ ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. ఎవరినీ ఊళ్ళోంచి పంపెయ్యక్కర్లేదు, ఎవరూ తల వంచుకుని బస్సెక్కక్కర్లేదు. సరేనంది. ఆమె సరేనంటే కొడుకు కాదనలేదు.

ఆ ఎండాకాలం ఊరికి నీళ్ళ ట్యాంకరు వారానికి రెండుసార్లు వచ్చేది. ఇంటికి ఎనిమిది బిందెలు, అంతే. ఆ నీళ్ళలోంచే తీసి ఇంటింటా మన్ను తడిపారు. ఎర్రన్న రేషను కార్డుల వరుసలో ఒక నోటుపుస్తకంలో పేర్లు రాసుకుని, పైన తేదీ వేసి, ముద్ద పెట్టి వచ్చిన ప్రతి ఇంటివాళ్ళ చేతా సంతకమో వేలిముద్రో వేయించాడు. నూట పద్నాలుగు ఇళ్ళు, నూట పద్నాలుగు ముద్దలు. శుక్రవారం పొద్దున గంగమ్మ ముందర వాటిని పగలగొట్టారు. కాసులదండ రాలేదు. ఎనభయ్యో, తొంభయ్యో ముద్దలోంచి మాత్రం ఒక ముక్కుపుడక తళుక్కుమంటూ బయటపడింది. అది పొరుగింటి మారెక్కది. రెండేళ్ళ కిందట పోయింది, దానికోసం ఆమె తోడికోడలితో మాటలు మానేసి ఉంది. మారెక్క దాన్ని అక్కడే కొంగుతో తుడిచి పెట్టుకుని, తోడికోడలి వైపు చూడకుండా ఇంటికి పోయింది.

ఆ మధ్యాహ్నమే రాఘవేంద్ర తనకల్లు స్టేషనుకు పోయాడు. పోతుంటే ఎర్రన్న పక్కకు పిలిచి, ముద్దల సంగతి అక్కడ ఎత్తొద్దన్నాడు. పంచాయితీ చేయడానికి నువ్వెవరని తన మీద పడతారని అతని భయం. ఇన్ని రోజులు ఏం చేశారని స్టేషనులో అడిగితే రాఘవేంద్ర ఇంట్లోనే వెదుకుతూ ఉండిపోయామని చెప్పాడు. వాళ్ళు అట్లే రాసుకుని ఎఫ్‌ఐఆర్ ఇచ్చారు. ఆ సాయంత్రమే బీమా కంపెనీకి ఫోను చేస్తే క్లెయిమ్ నంబరు ఇచ్చారు.

తర్వాత కాగితాలు నడిచాయి. క్లెయిమ్ ఫారం నింపాలి, ఎఫ్‌ఐఆర్ నకలు పెట్టాలి, ఆచారి రాసిచ్చిన కాగితం, ఫోటోలు, పాలసీ నకలు జత చేయాలి. మే నెలలో ఉదయ్ కుమార్ అనే సర్వేయరు వచ్చాడు. సర్వేయరంటే పొలం కొలిచేవాడనుకుని బయమ్మ గొలుసు ఎక్కడుందని చూసింది. నష్టం ఎట్లా జరిగిందో చూసి రాసుకుపోయేవాళ్ళను కూడా సర్వేయరనే అంటారట. అతను గూటి ఫోటో తీశాడు. తలుపు పగలలేదు, తాళం విరగలేదు అని రాసుకున్నాడు. మంగళవారం పోతే శుక్రవారం దాకా ఎందుకు చెప్పలేదని అడిగాడు. రాఘవేంద్ర నేల చూస్తూ, ఇంట్లోనే వెదికామన్నాడు. ఉదయ్ కుమార్ అదీ రాసుకున్నాడు. వస్తువు దొరకలేదని పోలీసులిచ్చే పత్రం రావడానికి ఆగస్టు పట్టింది. దాన్ని కూడా పంపారు.

సెప్టెంబరులో కంపెనీ ఉత్తరం వచ్చింది. ఇన్ని రోజులు ఇంట్లోనే వెదికారంటే వస్తువు ఇల్లు దాటి పోయినట్టు మీకే నమ్మకం లేదు. తలుపూ తాళమూ చెక్కుచెదరలేదు. దొంగతనం జరిగినట్టు రుజువు కాలేదు. వెంటనే తెలపాలన్న షరతు కూడా తప్పారు. కనుక క్లెయిమ్ ఇవ్వడం కుదరదు.

డబ్బు రాకపోతే పోయింది, ఈ ఊళ్ళో రానివాటికి అందరూ అలవాటుపడినవాళ్ళే. ఆ ఉత్తరం ఇంకో పని చేసింది. రాఘవేంద్ర ఇద్దరు ముగ్గురికి చూపించాడు, వాళ్ళు నలుగురికి చెప్పారు. కుళాయి దగ్గరికి చేరేసరికి దాని అర్థం ఒక్కటే మిగిలింది. దండ గడప దాటలేదని కంపెనీవాళ్ళే రాసిచ్చారు. దాటకపోతే లోపలే ఉంది. లోపల ఎవరి దగ్గర ఉంది?

మారెక్క బిందె కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా అంది. "బుక్కరాయసముద్రంలో ఆయమ్మ పుట్టింటోళ్ళు మేడ మీద మేడ కడతాండారంట గదా. ఊరికే లేస్తాయా మేడలు."

ప్రసూన వెనకే నిలబడి ఉంది. నిండని బిందెతోనే ఇంటికొచ్చింది. రాఘవేంద్రతో చెప్పింది. అతను, ఊరన్నాక అంటారు, పట్టించుకోవద్దు అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే నీలం సంచి అటక మీద నుంచి దిగింది.

ఒకరోజు బయమ్మ నేరుగానే అడిగింది, ఏ బస్సుకని.

"నీకు చెప్పకుండ పోనత్తా," అంది ప్రసూన. "చెప్పే పోతా. నేను తీసింటే నన్ను అడగొచ్చు, కొట్టొచ్చు. ఏమీ అడక్కుండ అందురూ నన్ను చూసి గూటి వైపు చూస్తాండారు. ఆయనతో సహా."

బయమ్మ మంచం కిందికి, సంచి వైపు చూసింది. తర్వాత, "ఆ కాగితం నేనింకా చదవలేదు. చదివినంక పోదువు," అంది.

"ఇంగ్లీషులో ఉండాది. ఎన్ని దినాలు చదువుతావు?"

"నాది అక్షరమక్షరం చదివే చదువు పాపా. కొంచెం లేటవుతాది."

ప్రసూనకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజు సంచిలోకి చీర చేరలేదు.

తనకల్లులో కృపాకుమారి అనే అమ్మాయి ఇంటర్నెట్ సెంటరు నడుపుతోంది. బయమ్మ అక్కడికి పోయి, శెనక్కాయల మూట బల్ల మీద పెట్టి, ఉత్తరమూ పాలసీ పుస్తకమూ ముందుకు తోసింది. ఒక్కో వరుసా తెలుగులో చెప్పమంది, ఏదీ వదలొద్దంది. ముఖ్యమైనవి చెబుతానని కృపాకుమారి అంటే, ముఖ్యమైనది ఏదో నాకు నువ్వెట్లా చెబుతావని అడిగింది. కృపాకుమారి రెండు రోజులు చెప్పింది. బయమ్మ పెన్సిలుతో నోటుపుస్తకంలో రాసుకుంది. కంపెనీ చిరునామా కూడా రాసుకుంది. జనం లేనప్పుడు చెప్పడం, జనం వస్తే ఆపడం. ఆగినప్పుడు బయమ్మ శెనక్కాయలు వొలిచి ఆ అమ్మాయి చేతిలో పెట్టేది.

ఉత్తరం అడుగున, రాఘవేంద్ర చదవకుండా వదిలేసిన సన్న అక్షరాల్లో, ఒక దారి ఉంది. ఈ నిర్ణయం నచ్చకపోతే ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, బీమా తగువులు తీర్చే అంబుడ్స్‌మన్ అనే అధికారికి రాసుకోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

పాలసీ పుస్తకంలో ఇంకోటి దొరికింది. షరతుల పేజీలో, వెంటనే తెలపాలన్న మాటకు రెండు వరుసల కింద, దొంగతనం జరిగినప్పుడు పోయిన వస్తువును తిరిగి రాబట్టడానికి పాలసీదారు తన చేతనైన ప్రయత్నాలన్నీ చేయాలి అని ఉంది. కృపాకుమారి చదివి తర్వాతి వరుసకు పోబోతుంటే బయమ్మ ఆపింది. మళ్ళీ చదవమంది. మూడోసారి చదివించి, పెన్సిలు నాలుకకు అద్దుకుని, ఆ వాక్యం చుట్టూ గీత గీసింది.

కంపెనీ ఫిర్యాదుల విభాగం నుంచి పాత మాటలే కొత్త కాగితం మీద వచ్చాయి. కృపాకుమారి అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టింది. జనవరిలో ఒక బుధవారం పదకొండు గంటలకు వీడియోలో విచారణ ఉంటుందని జవాబొచ్చింది. విచారణ అయ్యేదాకా ఆగమని బయమ్మ అడిగింది. ప్రసూన సరేనంది. సంచి మాత్రం మంచం కిందే ఉంది.

ఇక కావలసింది ఎర్రన్న దగ్గరున్న నోటుపుస్తకం. ఇంటికిపోయి అడిగితే చినిగిపోయిందన్నాడు. రెండోసారి అడిగితే ఎలుకలు కొట్టాయన్నాడు. మూడోసారి బయమ్మ ఇంటికి పోలేదు. బియ్యం ఇచ్చేరోజు చౌక దుకాణం ముందర అందరితోపాటు వరుసలో నిలబడింది. ముందుకు రమ్మన్నా రాలేదు. తన వంతు వచ్చేసరికి వెనక ఇరవైమంది ఉన్నారు.

ఎర్రన్న కాటా మీద బియ్యం పోయబోయాడు. బయమ్మ సంచి తెరవలేదు.

"నా వంతొచ్చింది ఎర్రన్నా. బియ్యం వద్దు. ఆ పుస్తకం ఇయ్యి."

ఎర్రన్న గొంతు తగ్గించాడు. "అది బయటికొస్తే నా మీద కేసు పెడతారు. షాపు పోతాది. నీకు తెలీదు."

"నాకు తెలిసింది చెప్తా విను. ఆ దినం నువ్వు ఆగమంటే ఆగినా. నా కొడుకు వద్దంటాంటే నీ మాట మీద ఆగినా. మనిషి దక్కుతాడంటివి. ఇప్పుడు నా ఇంట్లోంచి మనిషే పోతాండాది. నీ మాటకాడ నువ్వు నిలబడల్ల."

వరుసలో ఎవరూ తొందరపెట్టలేదు. ఎర్రన్న కాటా గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి లోపలికి పోయి, గోనెసంచుల అడుగు నుంచి ఆ పుస్తకం తీసుకొచ్చి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టాడు. చినగలేదు. ఎలుకలు ముట్టలేదు.

"నేనూ రావల్నా?" అని అడిగాడు.

"నువ్వే ముందు రావల్ల," అంది బయమ్మ. "ఇప్పుడు బియ్యం పొయ్యి."

బుధవారం రెండు ఆటోలు నిండాయి. బయమ్మ, రాఘవేంద్ర, ప్రసూన, ఎర్రన్న కాక, పిలవకపోయినా ఇంకో పదిమంది ఎక్కారు. ఏం జరుగుతుందో కళ్ళారా చూడాలని మారెక్క కూడా ఎక్కింది. రాత్రంతా నిద్రలేక బయమ్మ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. దారిలో మూడుసార్లు ఎర్రన్న నోటుపుస్తకం ఉందో లేదో తడిమి చూసుకుంది. కృపాకుమారి సెంటరులో కుర్చీలు చాలక జనం గుమ్మం దాకా నిలబడ్డారు.

తెరమీద ఇద్దరు కనబడ్డారు. ఒక పక్క అంబుడ్స్‌మన్, కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దావిడ. ఇంకో పక్క కంపెనీ తరఫు మనిషి, టై కట్టుకున్నవాడు. అతను ముందు మాట్లాడాడు. ఉత్తరంలో ఉన్నదే చెప్పాడు. మంగళవారం పోయింది, శుక్రవారం చెప్పారు, ఈ లోపల ఇంట్లో వెదికామని వాళ్ళే రాసిచ్చారు, ఇంట్లోవాళ్ళ చేతిలో పోయినదాన్ని దొంగతనం కింద ఒప్పుకోలేమన్నాడు. 'ఇంట్లోవాళ్ళు' అన్నప్పుడు ప్రసూన కొంగు వేలికి చుట్టుకుంది.

అది నిజమేనా అని ఆవిడ రాఘవేంద్రను అడిగింది. అతను ప్రసూన వైపు ఒకసారి చూశాడు. అప్పుడు, అది అబద్ధమని చెప్పాడు. ఇంట్లో వెదికింది ఒక్క పూటేనన్నాడు. మిగతాది మా అమ్మ చెబుతుందని కుర్చీ వదిలి లేచాడు.

బయమ్మ కూర్చుంది. ఎదురుగా అంత పెద్ద ముఖాలు ఎప్పుడూ చూడలేదు. తాను రాసుకున్న పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడ్డాయి. అక్షరాలు చూశాక బెదురు కొంచెం తగ్గింది. జాతర నుంచి మొదలుపెట్టి మన్ను ముద్దల దాకా చెప్పింది. కంపెనీ మనిషి మధ్యలో చిన్నగా నవ్వాడు. మేడమ్, ఇది మూఢనమ్మకం, దీన్ని వెదకడమంటారా అన్నాడు.

బయమ్మ అతని వైపే చూసింది. "నాయనా, మీది ఏ ఊరో నాకు తెలీదు. మా ఊర్లో ఆ ఎండకాలం నీళ్ళ ట్యాంకరు వారానికి రెండుతూర్లు వచ్చేది. ఇంటికి ఎనిమిది బిందెలు. తాగేదానికీ అవే, గొడ్లకూ అవే. ఆ నీళ్ళు తీసి నూట పద్నాలుగు ఇండ్లోళ్ళు మన్ను పిసికినారు. దండ మాది. నీళ్ళు వాళ్ళవి. ఉత్తుత్తికి ఎవురన్నా నీళ్ళు పారబోస్తారా మా తావ?"

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

బయమ్మ పేజీ తిప్పింది. "మీ పుస్తకంలో మీరే రాసినారు. దొంగతనం జరిగినప్పుడు, పోయిన వస్తువును తిరిగి రాబట్టడానికి పాలసీదారు తన చేతనైన ప్రయత్నాలన్నీ చేయాలి. మాకు చేతనైంది ఇదే. మేము ఒక్కరమే చేయలేదు, ఊరంతా చేసింది. తేదీ ఉండాది, సంతకాలు ఉండాయి."

ఆ షరతు ఉందా అని పెద్దావిడ కంపెనీ మనిషిని అడిగింది. అతను కాగితాలు తిరగేసి, ఉందన్నాడు. ఫలానా విధంగానే వెదకాలని అందులో ఉందా అని అడిగింది. లేదన్నాడు. ముద్దల పద్ధతిలో ఎప్పుడైనా వస్తువు దొరికిందా అని ఆవిడ ఈసారి బయమ్మను అడిగింది.

బయమ్మ పుస్తకం మూసింది. వెనక్కి చెయ్యి చాపి, గుమ్మం దగ్గరున్న మారెక్క జబ్బ పట్టుకుని లాక్కొచ్చి కెమెరా ముందర నిలబెట్టింది. మారెక్క ఒక్క క్షణం బిక్కచచ్చిపోయింది. తర్వాత ఆమెలోని మారెక్క ఆమెకే దొరికింది. ముక్కు తెరకు ఆనేదాకా ముందుకు వంగింది.

"చూడండి మేడమ్. ఎర్రరాయి. రెండేండ్ల కిందట పోయింది. ఆ మంగళవారం ముద్దల్లో పెట్టినారు, శుక్రవారం నా ముక్కుకొచ్చింది. దీనికోసరం నా తోడికోడల్ని అనరాని మాటలంటి. ఆయమ్మ తీయలేదు. ఎవరు తీసినారో ఇంతవరకూ నాకు తెలీదు." అక్కడ ఆమె గొంతు తగ్గింది. వెనక్కి తిరిగి ప్రసూనను చూసింది. "తెలీకుండ అనకూడదు మేడమ్. నేను అంటి."

పెద్దావిడ నవ్వు ఆపుకుని, కనబడింది, కాస్త వెనక్కి జరగమంది. ఆలస్యానికి కారణం ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. ఎర్రన్న జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆలస్యం నాది మేడమ్. చెప్పొద్దన్నదీ నేనే. వీళ్ళ తప్పు ల్యా. కేసంటే నా మీద రాసుకోండి."

ఇక్కడ ఎవరి మీదా కేసులు రాయరని ఆవిడ చెప్పింది. నోటుపుస్తకంలో ప్రతి పేజీ స్కాన్ చేసి ఆ రోజే పంపమంది. కృపాకుమారి అప్పటికే యంత్రం మూత ఎత్తి పెట్టుకుని ఉంది.

నెల తర్వాత నిర్ణయం వచ్చింది. బయమ్మ దాన్ని కూడా కృపాకుమారి దగ్గర కూర్చుని మొదటి అక్షరం నుంచి తెలుగులో రాసుకుంది. సగంలో ఒకచోట పెన్సిలు ఆగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది.

ఆ సాయంత్రం ఎర్రన్న ఊరిని గంగమ్మ ముందరికి పిలిచాడు. బయమ్మ అరుగెక్కి నిలబడింది. ప్రసూనను పక్కన నిలబెట్టుకుంది. అరవై తొమ్మిదేళ్ళలో ఆమె అంతమందికి ఏదీ చదివి వినిపించలేదు.

"కాసులదండ దొంగతనానికి గురైందని నమ్ముతున్నాము. కుటుంబ సభ్యులను అనుమానించడానికి ఏ ఆధారమూ లేదు. వస్తువు పోయినప్పటి నుంచి పాలసీదారు కుటుంబం, వారితోపాటు గ్రామమంతా నిజాయితీగా వెదికారు. ఆలస్యానికి తగిన కారణం ఉంది. పాలసీలో రాసిన విలువ మేరకు కంపెనీ ముప్పై రోజుల్లో చెల్లించాలి."

రెండో వాక్యం ఆమె రెండుసార్లు చదివింది. మొదటిసారి ఊరికి, రెండోసారి కొడుకు ముఖంలోకి చూస్తూ. రాఘవేంద్ర అందరి ముందరే అరుగు దగ్గరికొచ్చి, "నేను కూడా గూటి వైపే చూసినా ప్రసూనా. తప్పు నాది," అన్నాడు. ప్రసూన అతని వైపు తిరిగింది. ఇంటికి పోయాక చెప్తానన్నట్టు చూసింది. ఆ చూపుకు వెనక నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు.

బయమ్మ అరుగు దిగలేదు. ఎర్రన్న నోటుపుస్తకం తీసింది. ఇది గెలిచింది మా ఇల్లొకటే కాదు, సాక్ష్యం చెప్పినవాళ్ళ పేర్లు కూడా చదవాలని చెప్పి, రేషను కార్డుల వరుసలో నూట పద్నాలుగు పేర్లూ చదివింది. పేరు వినబడినచోట చెయ్యి లేస్తోంది. కొన్ని చోట్ల చెయ్యి లేవలేదు. ఈ పదినెలల్లో వాళ్ళు బెంగళూరుకు పనికి పోయారు, ఒక ముసలాయన చనిపోయాడు. అక్కడ బయమ్మ కాస్త ఆగి, వాళ్ళ ముద్దా ఉండాది అని చెప్పి, తర్వాతి పేరుకు పోయింది. అరవై ఏడో పేరు మారెక్కది. ఆమె 'ఉండా' అని గట్టిగా పలికి, పోయి తోడికోడలి పక్కన నిలబడింది. చివరి పేరు చదివేసరికి బయమ్మ గొంతు పూర్తిగా పోయింది. ఆ సంవత్సరం జాతరకు ముందే వాళ్ళకు జాతర అయింది.

కంపెనీ డబ్బు ఇరవై మూడో రోజు వచ్చింది. కాసులదండ ఈనాటికీ దొరకలేదు. ఎవరు తీశారో బయమ్మ వెదకడం మానేసింది.

అరుగెక్కిన మరుసటి ఉదయం ఆమె వాకిట్లో శెనక్కాయలు వొలుస్తూ కూర్చుంది. పెరట్లో తీగ మీద నీలం సంచి తలకిందులుగా వేలాడుతోంది, ఉతికినట్టున్నారు, నీళ్ళు కారుతున్నాయి. లోపల ప్రసూన రాఘవేంద్రకు ఏదో గట్టిగానే చెబుతోంది. చాలా రోజుల మాటలు మిగిలిపోయాయి, అంత తొందరగా అయ్యేలా లేవు.

ఎనిమిది గంటలకు బస్సు వచ్చింది. బోర్డు మీద 'అనంతపురం' అని ఉంది. బయమ్మ పూర్తిగా చదివింది. వాకిలి ముందర బస్సు నెమ్మదించింది. కండక్టరు తల బయటపెట్టి లోపలికి చూశాడు.

బయమ్మ లేవలేదు. గుంజను పట్టుకోలేదు. చేతిలో పొట్టు దులిపి, ఆ చెయ్యి ముందుకు ఊపింది.

"పోనీయప్పా, పోనీ. ఈ ఇంట్లో ఎక్కేవాళ్ళు ఎవురూ ల్యారు."